కార్డు ముందా, టైంటేబుల్ ముందా? సమీకృత ప్రజా రవాణాలో ప్రభుత్వం ఏ పని తర్వాత ఏ పని చేయాలి

మార్గసూచి

బస్సులు ఒక సంస్థవి, మెట్రో ఇంకో సంస్థది, లోకల్ రైళ్లు మూడో సంస్థవి, షేర్ ఆటోలు ఎవరి లెక్కలోనూ ఉండవు. ఇలాంటి నగరంలో వీటన్నిటినీ కలపాలనుకున్న ప్రభుత్వాలు చాలావరకు మొదట టెండరు పిలిచేది స్మార్ట్ కార్డుకే. అది కంటికి కనిపించే పని, త్వరగా పూర్తయ్యే పని. కానీ రైలు దిగినవాళ్లు బస్సు కోసం 18 నిమిషాలు నిలబడుతూనే ఉంటే, రెండు వాహనాల్లోనూ కనీస చార్జీ విడివిడిగా కడుతూనే ఉంటే, ఆ కార్డు వల్ల తీరింది చిల్లర బాధ ఒక్కటే.

నా దృష్టిలో వరుస ఇది: ముందు అధికారం, డబ్బు ఉన్న ఒక సంస్థ. తర్వాత రూట్లు, టైంటేబుల్. ఆ తర్వాత చార్జీలు, ఆదాయ పంపకం. చివరికి కార్డు. దీనితో విభేదించేవాళ్లు కూడా రాయండి. ఎవరు రాసినా అంకెలతో, ఎక్కడ చెడుతుందో, ఎందుకు చెడుతుందో చెబుతూ రాయమని మనవి.

పాలసీ పద్మ

మొదటి మెట్టు దగ్గరే ఎక్కువ నగరాలు ఆగిపోతాయి కాబట్టి అక్కడే కాసేపు ఉంటాను. సమన్వయ సంఘం అని ఒక ఉత్తర్వు వస్తుంది. శాఖాధిపతులు మూడు నెలలకోసారి కూర్చుంటారు, మినిట్స్ రాస్తారు. సంఘం మాట వినకపోతే ఏ శాఖకూ నష్టం లేదు కాబట్టి ఎవరూ వినరు.

చట్టం ముసాయిదా చేతికొస్తే నేను వెతికేవి నాలుగు అధికారాలు. ఏ రూట్లో ఎన్ని ట్రిప్పులు నడవాలో తేల్చడం, చార్జీలు నిర్ణయించడం, సబ్సిడీని తన ఖాతా నుంచే ఆపరేటర్లకు చెల్లించడం, టికెట్ డేటానూ జీపీఎస్ డేటానూ హక్కుగా తీసుకోవడం. మూడోది లేకపోతే మిగిలినవి కాగితం మీదే ఉంటాయి. డబ్బు ఇంకో శాఖ నుంచి వస్తుంటే ఆపరేటర్ వినేది ఆ శాఖ మాటే.

ఇందుకు పాత నమూనా జర్మనీలోని హాంబర్గ్. అక్కడ బస్సు, రైలు సంస్థలు కలిసిన రవాణా కూటమి 1965లో ఏర్పడింది, ఈ తరహావాటిలో ప్రపంచంలోనే మొదటిది. స్విట్జర్లాండ్‌లోని జూరిక్ కూటమి 1990 మేలో ఎస్-బాన్ అనే శివారు రైళ్లతో పాటే మొదలైంది. జూరిక్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది లోటును పంచుకునే తీరు. సగం కాంటన్ (అక్కడి రాష్ట్రం) ప్రభుత్వం భరిస్తుంది, సగం మునిసిపాలిటీలు భరిస్తాయి. ఒక్కో మునిసిపాలిటీ వాటా ప్రధానంగా దాని పరిధిలోని స్టాపుల్లో ఎంత సర్వీసు ఉందో దాన్నిబట్టి తేలుతుంది. మాకు ఇంకో బస్సు కావాలని అడిగే ఊరికి దాని ఖర్చు ముందే తెలుస్తుంది. డబ్బు కడుతోంది కాబట్టి టైంటేబుల్ మీద దాని మాట కూడా చెల్లుతుంది.

ఆదాయం విషయంలో ఫ్రాన్స్‌ను చూడండి. ఉద్యోగుల జీతాల మొత్తం మీద యజమానులు కట్టే రవాణా పన్నును 1971లో పారిస్ ప్రాంతంలో తెచ్చారు, తర్వాత మిగతా నగరాలకు విస్తరించారు. ఏటా బడ్జెట్ దగ్గర చేయి చాచక్కర్లేని ఆదాయం ఉంటేనే ఏడేళ్ల బస్సు కాంట్రాక్టు మీద ధైర్యంగా సంతకం పెట్టగలరు.

దీనికి పూర్తి వ్యతిరేక దిశ కూడా ఉంది. బ్రిటన్‌లో 1986 అక్టోబరు నుంచి లండన్ బయట బస్సుల మీద నియంత్రణ ఎత్తేశారు. లాభం వచ్చే రూట్లో కంపెనీలు పోటీపడ్డాయి. రెండు కంపెనీలు కూర్చుని టైంటేబుల్ కలుపుకోవాలన్నా పోటీ చట్టం అడ్డొచ్చే పరిస్థితి. గ్రేటర్ మాంచెస్టర్ ఆ బస్సులను మళ్లీ తన అధీనంలోకి తెచ్చుకోవడం 2023 సెప్టెంబరులో మొదలై 2025 జనవరిలో పూర్తయింది. వదిలేసిన అధికారం తిరిగి చేతికి రావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

కాలపట్టిక

పద్మ గారు సంస్థ గురించి చెప్పారు, నేను టైంటేబుల్ గురించి చెబుతాను. మొదట చూడాల్సింది విరామాల పొంతన. రైలు 15 నిమిషాలకోసారి, జనాన్ని స్టేషన్‌కు చేరవేసే ఫీడర్ బస్సు 20 నిమిషాలకోసారి ఉందనుకోండి. రెండూ చక్కగా కలిసేది గంటకు ఒక్కసారి. మిగతా రైళ్లు దిగినవాళ్లకు ఎదురుచూపు ప్రతిసారీ వేరుగా ఉంటుంది, ఎవరికీ గుర్తుండదు. బస్సును కూడా 15కి తెస్తే ప్రతి రైలుకూ ఒక బస్సు అందుతుంది. బస్సులు సరిపోకపోతే 30కి పెంచినా ఫరవాలేదు, రెండు రైళ్లలో ఒకదానికి కచ్చితంగా అందుతుంది. అందుకే నెట్‌వర్క్ మొత్తం 60, 30, 15, ఏడున్నర అనే ఒకే కుటుంబంలో ఉండాలి. 12, 20, 25 వంటి విరామాలు ఒంటరి రూట్లకు సరిపోతాయేమో గాని స్టేషన్ దగ్గర కలవాల్సిన రూట్లకు పనికిరావు.

తర్వాత, మార్పిడి సమయం. ప్లాట్‌ఫారం నుంచి బస్సు ఆగే బే వరకు 200 మీటర్లు అనుకుందాం. సెకనుకు 1.2 మీటర్ల నడకతో దాదాపు 3 నిమిషాలు పడుతుంది. మెట్లు, గేటు దగ్గర రద్దీ కలిపి ఇంకో నిమిషం. రైలు రెండు నిమిషాలు ఆలస్యమైనా బస్సు దొరకాలి. అంటే రైలు వచ్చిన 6 నిమిషాలకు బస్సు కదలాలి. ఎదురు దిశలో, రైలు బయల్దేరడానికి కనీసం 6 నిమిషాల ముందు బస్సు స్టేషన్‌కు చేరాలి. ఇలా లెక్కవేస్తే బస్సు స్టేషన్ దగ్గర దాదాపు పన్నెండు నిమిషాలు నిలబడుతుంది. అది వృథా అనుకుని కొట్టేసేవాళ్లున్నారు. డ్రైవర్‌కు ఎలాగూ ఇవ్వాల్సిన విరామాన్ని ఊరి చివర కాకుండా స్టేషన్ వైపు పెడితే ఆ నిలుపు ఖర్చు లేకుండానే దొరుకుతుంది.

పెద్ద స్థాయిలో ఇదే పని చేసింది స్విట్జర్లాండ్. 1982లో దేశమంతటా గంటకో రైలు పద్ధతి తెచ్చారు. 1987లో ప్రజల ఓటుతో రైలు 2000 పథకం ఆమోదం పొందింది. 2004 డిసెంబరు 12న టైంటేబుల్ ఒకేసారి మారింది. ముఖ్య స్టేషన్లకు రైళ్లన్నీ గంట కొట్టడానికి కాస్త ముందు చేరి, కాస్త తర్వాత బయల్దేరతాయి. అలా జరగాలంటే రెండు ముఖ్య స్టేషన్ల మధ్య ప్రయాణం 60 నిమిషాల లోపుండాలి, లేదా 30 లోపుండాలి. బెర్న్, జూరిక్ మధ్య 69 నిమిషాలు పట్టేది. కొత్త లైను వేసి 56కి తెచ్చారు. అంతకన్నా వేగం కోసం డబ్బు పెట్టలేదు, 45 నిమిషాల్లో చేరినా అక్కడ మారాల్సిన రైలు కోసం ఆగాల్సిందే కదా. ముందు టైంటేబుల్ గీసి, దానికి ఎక్కడ పట్టాలు కావాలో అక్కడే వేశారు. నేను చూసినంతలో చాలాచోట్ల ముందు లైను కడతారు, టైంటేబుల్ సంగతి ప్రారంభోత్సవానికి నెల ముందు మొదలవుతుంది.

డిపో లెక్క

కాలపట్టిక గారూ, మీరు చెప్పిన పొంతన విరామం ఎక్కువున్న చోట ప్రాణం లాంటిది. కానీ పది నిమిషాలకో బస్సు, అంతకన్నా దగ్గరగా నడిచే రూట్లలో జనం టైం చూసి రారు. అక్కడ కావాల్సింది బస్సుల మధ్య ఎడం సమానంగా ఉండటం. రోజు చివర ట్రిప్పులన్నీ నడిచాయని డిపో రిపోర్టు ఇస్తుంది, ప్రయాణికులేమో బస్సు రాలేదంటారు. రెండూ నిజమే.

లెక్క చూపిస్తాను. 10 నిమిషాలకో బస్సు అంటే సగటు ఎదురుచూపు 5 నిమిషాలు. రెండు బస్సులు దగ్గరపడి ఎడాలు 2, 18గా మారాయనుకోండి. 18 నిమిషాల ఖాళీలో వచ్చి నిలబడేవాళ్లే ఎక్కువ మంది. కాబట్టి సగటు (4 + 324) ÷ 40 = 8.2 నిమిషాలు. బస్సుల సంఖ్య మారలేదు, ఎదురుచూపు మాత్రం 3.2 నిమిషాలు పెరిగింది. లండన్ బస్సు కాంట్రాక్టుల్లో ఎక్కువ బస్సులు నడిచే రూట్లకు కొలిచేది ఈ అదనపు ఎదురుచూపునే. 2001 నుంచి బోనస్, కోత రెండూ దీనికి ముడిపెట్టారు. ట్రిప్పులు లెక్కపెట్టి డబ్బులిచ్చే కాంట్రాక్టులో బంచింగ్, అంటే బస్సులు ఇలా ఒకదాని వెనక ఒకటి గుంపుకట్టడం, ఆపడానికి ఎవరికీ కారణం ఉండదు.

ఇంకోటి, బస్సుల సంఖ్య. ఒక వైపు 42 నిమిషాలు, రానూపోనూ 84. చివర్లో నిలుపు మొత్తం 12. చక్రం 96 నిమిషాలు. 12 నిమిషాలకో బస్సు కావాలంటే 8 బస్సులు. ట్రాఫిక్ పెరిగి ఒక్కో వైపు 6 నిమిషాలు ఎక్కువ పట్టిందనుకోండి, రన్నింగే 96 అవుతుంది. తొమ్మిదో బస్సు ఇవ్వకపోతే నిలుపు మొత్తం మాయం. డ్రైవర్ టెర్మినల్‌కు రాగానే వెనక్కి తిరగాలి, ఒక ట్రిప్పు ఆలస్యం రాత్రి చివరి ట్రిప్పు దాకా పాకుతుంది. అదే బస్సు లేన్ వేసి ఒక్కో వైపు 6 నిమిషాలు తగ్గిస్తే చక్రం 84, అంటే 7 బస్సులే చాలు. మిగిలిన బస్సుతో పాటు దాని రెండు షిఫ్టుల క్రూ కూడా ఇంకో రూట్‌కు దొరుకుతుంది. కాబట్టి రోడ్ల శాఖ, ట్రాఫిక్ పోలీసులు ఈ సంస్థ పరిధికి బయట ఉంటే సగం ఆదా చేజారినట్టే. పద్మ గారి జాబితాలో ఐదో అధికారంగా బస్సు లేన్లు, సిగ్నల్ ప్రాధాన్యం చేర్చాలి.

పాలసీ పద్మ

ఒప్పుకుంటున్నాను, చేర్చాల్సిందే. లండన్ రవాణా సంస్థ 2000లో ఏర్పడినప్పుడు ముఖ్య రోడ్లు, సిగ్నళ్లు కూడా దాని కిందికే వచ్చాయి.

లెక్కల మాస్టారు

> ఆ తర్వాత చార్జీలు, ఆదాయ పంపకం.

ఇక్కడ నాకు కొంచెం భేదాభిప్రాయం ఉంది. రూట్లు మార్చాక చార్జీలు మారుద్దామంటే మధ్యలో జనం నలిగిపోతారు. నేరుగా వెళ్లే బస్సును తీసేసి, ఫీడర్ ఎక్కి మెట్రో మారండని చెప్పిన రోజే రెండో కనీస చార్జీ పోవాలి. ఈ రెండూ ఒకే రోజు జరగాలి. దక్షిణ కొరియా రాజధాని సోల్ 2004 జులై 1న అలాగే చేసింది. బస్సుల్ని ముఖ్య రూట్లకు నీలం, ఫీడర్లకు ఆకుపచ్చ, శివారు ఎక్స్‌ప్రెస్‌లకు ఎరుపు, నగర కేంద్రంలో చుట్టు తిరిగేవాటికి పసుపు అని విడదీసి, అదే రోజు బస్సుకీ సబ్‌వేకీ కలిపి మొత్తం దూరం మీద చార్జీ పెట్టారు. తొలిరోజు కార్డు యంత్రాలు మొరాయించి గందరగోళమైనా ప్రయాణికులకు లాభం వెంటనే తెలిసింది కాబట్టి సంస్కరణ నిలబడింది.

గొడవంతా వెనక జరిగే పంపకంలో ఉంటుంది. బస్సులో 4 కిలోమీటర్లు, మెట్రోలో 12 అనుకోండి. విడిగా అయితే బస్సుకు 12 యూనిట్లు, మెట్రోకు 28. కలిపిన చార్జీ 32 పెట్టారు. దూరం ప్రకారం పంచితే బస్సుకు 8, మెట్రోకు 24. ఎక్కిన లెక్కన పంచితే చెరి 16. విడి చార్జీల నిష్పత్తిలో అయితే బస్సుకు 9.6, మెట్రోకు 22.4. నిన్నటిదాకా 12 వచ్చిన చోట 8 చేతికొస్తే బస్సు సంస్థ ఫీడర్ ట్రిప్పులను ఏదో ఒక వంకతో తగ్గిస్తుంది. ఎక్కిన లెక్కన ఇస్తే మెట్రో ఒప్పుకోదు.

గట్టెక్కే దారి ఒకటుంది. కలపడానికి ముందు ఏడాది ఎవరి ఆదాయం ఎంతో స్వతంత్ర ఆడిట్‌తో ఖరారు చేసి, ఆ మొత్తానికి మొదటి మూడేళ్లు హామీ ఇవ్వాలి. పంపకం సూత్రం వర్తించేది ఆపైన పెరిగిన ఆదాయానికి మాత్రమే. తగ్గితే లోటు రవాణా సంస్థది. ఈ హామీకి డబ్బు పక్కన పెట్టకుండా ఒకే టికెట్ ప్రకటించకూడదు. జర్మనీ 2023 మేలో నెలకు 49 యూరోలకు దేశమంతటా చెల్లే టికెట్ తెచ్చినప్పుడు కేంద్రం, రాష్ట్రాలు చెరి ఏటా 150 కోట్ల యూరోలు ఇవ్వడానికి ఒప్పుకున్నాకే అది నడిచింది. ప్రయాణికుడు ఎక్కడ తిరిగాడో ఆ టికెట్ చెప్పదు కాబట్టి ఆదాయ పంపకానికి దశలవారీ పద్ధతి కూడా పెట్టుకోవాల్సి వచ్చింది.

దీర్ఘకాలంలో మేలైన పరిష్కారం వసూళ్లన్నీ రవాణా సంస్థ తీసుకుని ఆపరేటర్‌కు కిలోమీటరు లెక్కన కట్టడం. అప్పుడు పంపకమే ఉండదు. సింగపూర్ 2016 నుంచి బస్సుల్లో దాదాపు ఈ దారిలోనే వెళ్తోంది. బస్సులు, డిపోలు ప్రభుత్వానివి, వాటిని నడిపే పనికి మాత్రమే టెండరు. డిపో స్థలం లేని కొత్త కంపెనీ కూడా పోటీకి రాగలదు.

డిపో లెక్క

మాస్టారూ, కిలోమీటరు లెక్కలో రెండు చిల్లులున్నాయి. ఒకటి, ప్రయాణికుడు ఎక్కినా ఎక్కకపోయినా డబ్బు వస్తుంది కాబట్టి స్టాపులో ఆపకుండా పోవడం, టికెట్ లేనివాళ్లను పట్టించుకోకపోవడం మొదలవుతాయి. దీనికి తనిఖీ సిబ్బంది రవాణా సంస్థ మనుషులై ఉండాలి. రెండోది ధరల సవరణ. ఇంధనం, జీతాలు, విడిభాగాలకు విడివిడిగా సూచీ పెట్టి మూడు నెలలకోసారి రేటు సవరించాలి. సవరణ లేని కాంట్రాక్టులో ఆపరేటర్ మొదట కోసేది మెయింటెనెన్స్‌నే. రెండో ఏటికల్లా బ్రేక్‌డౌన్లు పెరుగుతాయి, స్పేర్ బస్సులు రోజూ రూట్లోకి వచ్చేస్తాయి, మూడో ఏట ట్రిప్పుల రద్దు మొదలవుతుంది. డెడ్ కిలోమీటర్లకు, అంటే డిపోకూ రూటుకూ మధ్య ఖాళీగా నడిచే దూరానికి, ఎంత రేటో కూడా మొదట్లోనే రాయాలి, లేకపోతే డిపో దూరంగా ఉన్న రూట్ల ప్యాకేజీకి టెండరు వేసేవాళ్లే ఉండరు.

ట్యాప్ ఇన్

కార్డును చివర్లో పెట్టారు, సరే. కానీ చివర్లో చేసినా ముందే రాసుకోవాల్సినవి ఉన్నాయి.

కార్డును యంత్రం గుర్తుపట్టే రహస్య సంకేతాలు (సెక్యూరిటీ కీస్), డేటా ఫార్మాట్ ప్రభుత్వ సంస్థవే అయి ఉండాలి. వెండర్ చేతిలో ఉంటే రెండో కంపెనీ యంత్రాన్ని ఎప్పటికీ కలపలేరు, ప్రతి చార్జీ మార్పుకూ బిల్లు వస్తుంది. యంత్రం స్పందన అర సెకను లోపు ఉండాలి, గేటు దగ్గర అంతకు మించితే వెనక లైను పెరుగుతుంది. లండన్ బ్యాంకు కార్డులను 2012 డిసెంబరులో బస్సుల్లో, 2014 సెప్టెంబరులో రైళ్లలో తెచ్చినప్పుడు పెట్టుకున్న లక్ష్యం అదే. చార్జీ లెక్క యంత్రంలో కాకుండా వెనక సర్వర్‌లో జరిగితే రోజు గరిష్ఠ పరిమితి, గంటలోపు బస్సు మారితే ఉచితం వంటివి సాఫ్ట్‌వేర్ మార్పుతోనే తేవచ్చు. వేలాది యంత్రాలను తాకక్కర్లేదు.

దిగేటప్పుడు కూడా కార్డు ట్యాప్ చేయాలా అన్నది చార్జీ విధానం తేల్చాక గాని తేలదు. దూరం మీద చార్జీ అయితే తప్పదు, సోల్, సింగపూర్ రెండింటిలోనూ ఉంది. లండన్ బస్సుల్లో ఒకటే చార్జీ కాబట్టి ఎక్కేటప్పుడు చాలు. చార్జీ తేలకముందే యంత్రాలు కొంటే వెనక తలుపు దగ్గర యంత్రం లేని బస్సులు చేతిలో మిగులుతాయి. మార్గసూచి గారి వరుస సరైనదని నేను నమ్మడానికి కారణం ఇదే.

మార్గసూచి

అందరికీ ధన్యవాదాలు. అన్నీ ఒకే రోజు మార్చాలా, విడతలుగానా? మాస్టారు సోల్ గురించి చెప్పారు. చిలీ రాజధాని సాంటియాగో 2007 ఫిబ్రవరిలో అలాగే ఒక్కరోజులో మార్చి దెబ్బతింది కదా.

కాలపట్టిక

సాంటియాగోలో చెడింది ఒక్కరోజులో మార్చడం వల్ల మాత్రమే కాదండీ. బస్సుల సంఖ్య బాగా తగ్గించారు. తక్కువ బస్సులతో నడవాలంటే అవి వేగంగా తిరగాలి, అందుకు ప్రత్యేక లేన్లు కావాలి, ఆ రోజుకి అవి చాలావరకు కట్టలేదు. బస్సుల్ని గమనించే జీపీఎస్ వ్యవస్థ సిద్ధంగా లేదు. తొలి కాంట్రాక్టుల్లో ఎంతమంది ఎక్కినా ఆపరేటర్ ఆదాయం పెద్దగా మారదు కాబట్టి బస్సులు బయటికి తీయాలన్న ఒత్తిడే లేదు. జనమంతా మెట్రో మీద పడ్డారు. దేశాధ్యక్షురాలు బాచెలెట్ బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

అమెరికాలోని హ్యూస్టన్ 2015 ఆగస్టులో మొత్తం బస్సు నెట్‌వర్క్‌ను ఒక్కరోజులోనే మార్చింది, అక్కడ అది నిలబడింది. నెట్‌వర్క్ అంతా ఒకే సంస్థ చేతిలో ఉంది. కొత్త కాంట్రాక్టు లేదు, కొత్త కార్డు లేదు, కొత్త కట్టడం లేదు. మారింది రూట్లు, టైంటేబుల్ మాత్రమే. కాబట్టి నేను పాటించే నియమం: రూట్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, వాటిని ఒక ప్రాంతంలో ఒకేసారి మార్చాలి. ఆపరేటర్లను, యంత్రాలను మాత్రం అంతకు కనీసం ఆరు నెలల ముందే పాత రూట్ల మీద మార్చి స్థిరపడనివ్వాలి.

నడకదారి

స్టాపుల గురించి ఎవరూ రాయలేదు. స్టేషన్ గేటు నుంచి బస్సు బే కనిపించాలి. కనిపించకపోతే, మలుపు మలుపుకీ బోర్డు ఉండాలి. రోడ్డు దాటాల్సివస్తే సిగ్నల్ ఆగే సమయాన్ని కూడా కాలపట్టిక గారి 6 నిమిషాల్లో కలపాలి, 90 సెకన్ల సిగ్నల్ చక్రం ఒక్కటే కనెక్షన్‌ను తప్పించగలదు. పైకప్పు, ర్యాంపు, రాత్రి వెలుతురు స్టేషన్ టెండరులోనే ఉండాలి. తర్వాత చేద్దామంటే ఆ స్థలం మెట్రోదా, మునిసిపాలిటీదా అన్న చోట ఆగిపోతుంది. అందుకే గేటు నుంచి 300 మీటర్ల వలయం మొత్తాన్ని రవాణా సంస్థ ఆమోదం కిందికి తెచ్చే నిబంధన ఉండాలి.

స్టాప్ ఐడీ

డేటా వైపు చిన్న మాట. అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ, గూగుల్ కలిసి 2005లో మొదలుపెట్టిన జీటీఎఫ్ఎస్ ఫార్మాట్‌లో (ప్రయాణ యాప్‌లు చదివే టైంటేబుల్ రూపం ఇది) అన్ని ఆపరేటర్ల టైంటేబుళ్లు ఒకే ఫైలుగా రావాలి. సాధారణంగా చెడేది స్టాపుల దగ్గర. ఒకే స్టేషన్‌కు బస్సు సంస్థ ఒక పేరు, మెట్రో ఇంకో పేరు పెడతాయి, పాయింట్లు 150 మీటర్ల తేడాతో ఉంటాయి. యాప్‌కు అవి వేర్వేరు చోట్లు. స్టాప్ నంబర్లు రవాణా సంస్థే జారీ చేయాలి. స్టేషన్‌ను తల్లి స్టాపుగా పెట్టి బేలు, గేట్లను దాని కింద చేర్చాలి. నడకదారి గారు చెప్పిన నడక సమయాన్ని సెకన్లలో ట్రాన్స్‌ఫర్స్ ఫైలులో రాయాలి. అది ఖాళీగా వదిలేస్తే, యాప్ అందని బస్సును చూపిస్తుంది.

అడ్డా ఆటో

షేర్ ఆటోలు, చిన్న వ్యాన్ల సంగతి? నిషేధిస్తే ఆగవు. చివరి కిలోమీటరులో బస్సు పోలేని సందులున్నాయి.

పాలసీ పద్మ

నిషేధం పనిచేయదు, నిజం. జకార్తా 2018 నుంచి అక్కడి చిన్న వ్యాన్లను సహకార సంఘాల ద్వారా బస్సు వ్యవస్థలో కలుపుకుంటోంది. యజమానికి నడిచిన కిలోమీటరు లెక్కన డబ్బు వస్తుంది కాబట్టి వ్యాను నిండేదాకా అడ్డాలో ఆగక్కర్లేదు, ఒకరినొకరు దాటి పరుగులు పెట్టక్కర్లేదు. కావాల్సినవి మూడు: ప్రతి వాహనానికీ జీపీఎస్, రోజుకు కనీస ట్రిప్పుల ఒప్పందం, వారానికోసారి చెల్లింపు. చెల్లింపు నెల దాటితే రోజు కూలి మీద బతికే డ్రైవర్ మళ్లీ అడ్డాకే వెళ్తాడు. ఒక్కో యజమానితో విడిగా ఒప్పందం పెట్టుకోకండి, ఓ యాభై వాహనాల సంఘంతో పెట్టుకోండి. ఒక వాహనం పాడైన రోజు ఇంకోటి పంపే బాధ్యత సంఘానిది.

డిపో లెక్క

అడ్డా ఆటో గారికి ఒక చేర్పు. ఆ వ్యాన్ల రూటు పొడవు 5 కిలోమీటర్ల లోపు పెట్టి, ఒక చివర తప్పనిసరిగా స్టేషన్‌లో ఉండేలా గీయండి. 15 నిమిషాల్లో చేరే రూటుకు చక్రం 36 నిమిషాలు, 6 నిమిషాలకో వ్యాను కావాలంటే 6 బండ్లు. ఏడోది స్పేర్‌గా పెట్టుకోండి. మొదటి రూటు ఈ ఏడు బండ్లతో మొదలుపెట్టి, జీపీఎస్ లెక్కలు సంఘానికీ సంస్థకీ రెండు నెలలు సరిపోలాక రెండోది తీసుకోండి.